ఒక ఇంటిపేరు – నలుగురు మనుష్యులు



తెల్లవారుజామున ఆకాశవాణి ప్రసారము మొదలగునపుడు, వార్తలకును భక్తిగీతములకును ముందుగా, ఒక చిన్న నాదము వినవచ్చుట మీ రెరుగుదురు. తంబుర శ్రుతి పలుకుచుండగా దానిపై వాయులీనము మెల్లగా పైకి లేచి, ఒక రాగచ్ఛాయను చూపి, మరల మొదటికి వచ్చును. ఆ నాదము చెవిని బడినతోడనే పశువులకు మేత వేయుటకు లేచినవారు మీలో అనేకులుందురు. నేను దానిని విని బడికి సిద్ధపడినవాడను. ఇన్ని యేండ్లు వింటిమి గాని, దానిని కూర్చినవా రెవరని ఒకనాడైనను అడిగితిమా? మన విద్వాంసులలో నొకరే కూర్చియుందురని నేను చాలకాలము తలచితిని. అది నిజము కాదు. దానిని కూర్చినవాడుగా ప్రసిద్ధి కెక్కినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అను యూదుడు. ఐరోపాలో జర్మను భాష మాటలాడు ఇంట బుట్టి, 1934వ సంవత్సరమున బొంబాయి రేవున దిగినవాడు.

ఈ సంగతి తెలిసిన పిమ్మట నా మనస్సు ఆయన ఇంటిపేరు మీదికి బోయినది. మనకిది సహజము. క్రొత్తవాడెవడైన రచ్చబండ యొద్దకు వచ్చినచో, “ఏ ఊరండీ తమది? ఇంటిపేరేమి?” అని గదా ముందుగా అడుగుదుము! ఆ రెండు మాటలతో ఆ మనుష్యుని సగము తెలిసికొన్నట్లు భావింతుము. ఆ భావన ఎంతవరకు నిజమో నేడు ఈ కౌఫ్‌మన్ అను పేరును పట్టుకొని కొంచెము విచారింతము.

మొదట శబ్దార్థము. జర్మను భాషలో ‘కౌఫెన్’ అనగా కొనుట. ‘మన్’ అనగా మనుష్యుడు. రెండును కలిసి వర్తకుడు అను నర్థము నిచ్చుచున్నవి. మన పూర్వులు బేహారి యనినవాడే వారి కౌఫ్‌మన్. ఈ ‘కౌఫెన్’ అనుదానికి మూలము లాటిను భాషలోని ‘కౌపో’ అను శబ్దము. కౌపో యనగా పూటకూటి యింటివాడు, చిల్లర సరకు లమ్ముకొనువాడు. రోమకులతోడి వ్యాపారము వలన ఆ మాట ఉత్తరదేశములకు బోయి స్థిరపడినది. ఆంగ్లమున చవుక అను నర్థమున వాడు ‘చీప్’ అను మాటయు, ఆంగ్లేయులలో కనబడు ‘చాప్‌మన్’ అను ఇంటిపేరును దీని జ్ఞాతులే. డేన్మార్కు దేశపు రాజధానియైన కోపెన్‌హేగన్ నగరమునకు వర్తకుల రేవు అని యర్థము. అక్కడను ఈ మూలమే దాగియున్నది.

ఇంతటితో అర్థము తేలిపోయినదని తలపరాదు. మన శాస్త్రకారులు పదములను విభజించునపుడు, అవయవార్థమును బట్టి నడచునది యౌగికమనియు, వాడుకను బట్టి నిలుచునది రూఢమనియు చెప్పిరి. పంకజమనగా బురదలో పుట్టినది. అయినను బురదలో పుట్టిన ప్రతిదానిని పంకజమనము. కౌఫ్‌మన్ అను పేరునందు అంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. పూర్వము యూదులకు ప్రార్థనామందిరమున పిలుచు హీబ్రూ పేరొకటియు, వీధిలో పిలుచు వాడుక పేరొకటియు నుండెడివి. యాకోబు అను హీబ్రూ పేరు గలవానిని వాడుకలో కోపెల్ అనియు కోప్‌మన్ అనియు పిలుచుట కలదు. ఈ కోప్‌మన్ అనునదియే కొన్ని యిండ్లలో కాలక్రమమున కౌఫ్‌మన్‌గా మారినది. అనగా చూచుటకు వర్తకుడని కనబడు పేరు వెనుక ఒక్కొక్కచోట వర్తకము లేనే లేదు. యాకోబు అను తాత యున్నాడు. ఫ్యూర్ట్ నగరమున 1843లో పుట్టి అమెరికాలో గొప్ప యూదమతాచార్యుడైన కౌఫ్‌మన్ కోలర్ అనువానికి ఇది ఇంటిపేరే కాదు, పెట్టిన పేరు. కావున పదము విప్పిచూచి మనుష్యుని కులవృత్తిని చెప్పబోయిన పండితుడు ఇక్కడ తప్పులో పడును.

ఇక ఈ పేర్లు ఎట్లు ఏర్పడినవో చూతము. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తరువాత. జర్మనులకు పెట్టినపేరు ముందు, ఇంటిపేరు తరువాత. మన ఇంటిపేర్లలో పెక్కు పూర్వులు నివసించిన గ్రామముల పేర్లు. జర్మనులకును అట్టివి కలవు గాని, వృత్తుల మూలమున కలిగినవి వారిలో మిక్కిలి హెచ్చు. మధ్యయుగములలో పట్టణములు పెరిగి, ఒకే వీధిలో ఒకే పేరుగలవారు పదిమంది యైనపుడు, కమ్మరివానిని ష్మిట్ అనియు, పిండిమర యజమానిని ముల్లర్ అనియు, బట్టలు కుట్టువానిని ష్నైడర్ అనియు, వర్తకుని కౌఫ్‌మన్ అనియు గుర్తించిరి. ఆ గుర్తులే కొడుకులకును మనుమలకును సంక్రమించి ఇంటిపేర్లయినవి. ఈ విధముగ కౌఫ్‌మన్‌లైనవారిలో క్రైస్తవులు అసంఖ్యాకులు.

యూదుల సంగతి వేరు. వారిలో చాలమందికి పదునెనిమిదవ శతాబ్దము చివరివరకు స్థిరమైన ఇంటిపేరే లేదు. ఫలానావాని కుమారుడు ఫలానా యని తండ్రి పేరుతో చెప్పుకొనెడివారు. తరము మారినప్పుడెల్ల పేరును మారుచుండెడిది. ఆస్ట్రియా చక్రవర్తియైన రెండవ జోసెఫ్ 1787 జూలై 23వ తేదీన ఒక శాసనము చేసెను. తన రాజ్యమునందలి ప్రతి యూదుడును ఒక స్థిరమైన జర్మను ఇంటిపేరును గైకొనవలెననియు, అది 1788 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి రావలెననియు అందలి విధి. పన్నులు వసూలు చేయుటకును, సైన్యమునకు పేర్లు వ్రాసికొనుటకును, న్యాయస్థానముల లెక్కలకును అట్టి పేరు సర్కారునకు అవసరమైనది. ఫ్రెంచి రాజ్యమున నెపోలియన్ 1808లో అట్టి శాసనమునే చేసెను. ప్రష్యా దేశమున 1812లో యూదులకు పౌరసత్వమిచ్చుచు, స్థిరమైన ఇంటిపేరు పెట్టుకొనవలెనని నిబంధన చేసిరి.

అప్పుడు యూదులు పేర్లు వెదకికొనిరి. పెక్కుచోట్ల వారికి భూమి కొనుట నిషిద్ధము; చేతిపనివారి సంఘములలో ప్రవేశము లేదు. మిగిలినది వర్తకము. అందుచేత కౌఫ్‌మన్ అను పేరు వారిలో చాల ఇండ్లకు వచ్చినది. అప్పటికే అదే పేరుగల క్రైస్తవులు పొరుగువీధిలో నుండిరి. ఈ విధముగ ఒకే పేరు రెండు మతములవారికి ఉమ్మడియైనది. ఈ యుమ్మడితనమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

ఈ పేరుగలవారిలో కొందరిని చూపెదను. స్విట్జర్లెండులోని ఖూర్ పట్టణమున 1741లో పుట్టిన అంజెలికా కౌఫ్‌మన్ అను స్త్రీ చిత్రకారిణి. ఈమె క్రైస్తవురాలు. లండను నగరమున 1768లో రాయల్ అకాడమీ అను చిత్రకళాపరిషత్తును స్థాపించినవారిలో స్త్రీ లిద్దరే. వారిలో నీమె యొకతె. ఈమె తండ్రి వర్తకుడు కాడు, చిత్రకారుడే.

మొరావియాలో 1852లో పుట్టిన దావీదు కౌఫ్‌మన్ యూదపండితుడు. బుడాపెస్టు నగరమునందలి యూదమతవిద్యాలయమున ఆచార్యుడై, పాత హీబ్రూ వ్రాతప్రతులను కూర్చుటలో జీవితము వెచ్చించెను. మన యొద్ద తాళపత్రములను చెదలనుండి కాపాడిన పండితులవంటివాడు. ఆయన 1899లో మరణించిన పిమ్మట ఆ గ్రంథములు 1905లో హంగేరీ విజ్ఞాన పరిషత్తునకు చేరినవి. యూదుల ధర్మశాస్త్రమైన మిష్నాకు మిక్కిలి ప్రశస్తమైన ప్రాచీన వ్రాతప్రతి వానిలో నొకటి. పండితులు నేటికిని దానిని కౌఫ్‌మన్ ప్రతి యందురు.

ఫ్రాంక్‌ఫర్టున 1887లో పుట్టిన రిచర్డు కౌఫ్‌మన్ గృహనిర్మాణ శిల్పి. ఆయన 1920లో పాలస్తీనాకు పోయి, యూదులు 1921లో స్థాపించిన నహలాల్ అను కర్షకగ్రామమునకు నమూనా గీచెను. ఆ గ్రామము చక్రాకారము. నడుమ అందరికిని పనికివచ్చు భవనములు, వాని చుట్టును ఇండ్లు, ఒక్కొక్క యింటి వెనుకనుండి చక్రపు ఆకులవలె వెలుపలికి పరచుకొనిన పొలములు. వర్తకుడని పేరుగలవాడు వ్యవసాయదారులకు ఊరు గీచి యిచ్చినాడు.

పేరునకు తగిన వృత్తిగలవారు లేకపోలేదు. జర్మనీనుండి అమెరికాకు వలసపోయిన యాకోబు, ఇస్సాకు అను కౌఫ్‌మన్ సోదరులు పిట్స్‌బర్గు నగరమున 1871లో ఒక చిన్న యంగడి తెరచిరి. అది పెరిగి ఆ నగరమునకెల్ల పెద్ద దుకాణమైనది. ఆ కుటుంబపువాడైన ఎడ్గార్ కౌఫ్‌మన్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను శిల్పిచే ఒక సెలయేటి జలపాతముపై ఇల్లు కట్టించెను. దానిని 2019లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

చిత్రకారిణి, పండితుడు, శిల్పి, వర్తకుడు. పేరొక్కటే. ఆ పేరు వీరిని గూర్చి మనకు ఏమి చెప్పినది? ఏమియు చెప్పలేదు. ఇంతవరకు ఇది వినోదమే. ఇక వినోదము కానిదానిని చెప్పవలసియున్నది.

జర్మనీలో 1933వ సంవత్సరమున హిట్లరు నాయకత్వమున నాజీలు అధికారమునకు వచ్చిరి. యూదుల ఉద్యోగములను, పౌరసత్వమును వరుసగ హరించిరి. అయితే వారికొక చిక్కు కలిగినది. నూరేండ్లకు పైగా పేర్లు ఉమ్మడియై యుండుటచేత, దస్తరములోని కౌఫ్‌మన్ యూదుడో క్రైస్తవుడో ఇంటిపేరు చూచి చెప్పుట సాధ్యము కాదు. అందువలన 1938 ఆగస్టు 17వ తేదీన ఒక యుత్తరువు చేసిరి. తాము నిర్ణయించిన పట్టికలోని పేరు లేని ప్రతి యూదపురుషుడును తన పేరునకు ‘ఇస్రాయేల్’ అనియు, ప్రతి యూదస్త్రీయు ‘సారా’ అనియు చేర్చుకొని, సంతకము పెట్టునపుడెల్ల వ్రాయవలెను. అది 1939 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

తేదీలు గమనింపుడు. 1788 జనవరి మొదటి తేదీన ఒక ప్రభుత్వము యూదులకు ఇరుగుపొరుగువారివంటి పేరు పెట్టుకొమ్మని యాజ్ఞాపించినది. నూటయేబదియొక్క సంవత్సరముల తరువాత, 1939 జనవరి మొదటి తేదీన, వేరొక ప్రభుత్వము ఆ పేరు మనుష్యుని పట్టియిచ్చుటలేదని దానికొక ముద్ర తగిలించినది. ఆ ముద్ర వెనుక ఏమి వచ్చినదో లోకమెరుగును. రెండవ ప్రపంచయుద్ధము ముగియులోపల సుమారు 60 లక్షలమంది యూదులు చంపబడిరి.

ఆ కాలమున బ్రదికిన నలుగురిని మీ ముందుంచెదను. నలుగురి ఇంటిపేరును కౌఫ్‌మన్. నలుగురి పెట్టినపేరును వాల్టర్. ఇంటిపేరుతోబాటు పెట్టినపేరును ఒక్కటేయైనచోట మనుష్యులు ఎంత వేరో చూడుడు.

మొదటి వాల్టర్ పదార్థవిజ్ఞానశాస్త్రవేత్త. 1871లో ఎల్బర్‌ఫెల్డున పుట్టెను. విద్యుత్కణము వేగము హెచ్చినకొలది దాని ద్రవ్యరాశియు హెచ్చినట్లు కనబడునని ప్రయోగములచే చూపినవారిలో నీయన ముఖ్యుడు. 1905లో ఐన్‌స్టయిన్ తన సాపేక్షసిద్ధాంతమును ప్రకటించిన దినములలో ఈయన కొలతలు దానికి విరుద్ధముగ నున్నవని పెద్ద చర్చ జరిగినది. పిమ్మట ఇతరులు మరింత సూక్ష్మముగ కొలిచి, ఐన్‌స్టయిన్ మాటయే నిలుచునని తేల్చిరి. ఈయన 1947లో ఫ్రైబుర్గున మరణించెను.

రెండవ వాల్టర్ 1921లో ఆ ఫ్రైబుర్గుననే పుట్టెను. తల్లిదండ్రులు క్రైస్తవులుగా పెంచిరి. పదునొకండేండ్ల వయస్సున ఆ బాలుడు క్రైస్తవమత సిద్ధాంతము తనకు సమ్మతము కాదని, యూదమతమును స్వీకరింపగోరెను. అప్పుడుగాని తన తాతలు అవ్వలు యూదులేయని అతనికి తెలియలేదు. ఆ పేరు ఇంటిలోనివానికే తన యింటి సంగతి చెప్పలేదన్నమాట! 1939లో అమెరికాకు పోయి, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున 1947 నుండి మరణపర్యంతము, అనగా 1980 వరకు, తత్త్వశాస్త్రము బోధించెను. నాజీలు తమ గురువని చెప్పుకొనిన నీషే అను జర్మను తాత్త్వికుని గ్రంథములను ఆంగ్లీకరించి, వారు ఆయన మాటలను వక్రీకరించిరని నిరూపించినవాడీయనయే.

మూడవ వాల్టర్ మన ప్రాతఃకాలనాదము కూర్చినవాడు. 1907లో బొహీమియాలోని కార్ల్స్‌బాడున పుట్టెను. ఇందాక చెప్పిన దావీదు పండితుడు కన్నుమూసినదియు ఆ యూరనే. ఈ వాల్టర్ బెర్లినులోను ప్రేగులోను సంగీతము చదివి, తన ఆచార్యుడు నాజీపక్షమువాడని తెలిసి పట్టమునే వదలుకొనెను. బొంబాయికి వచ్చి మొదట మన సంగీతము వినినపుడు అది ఆయనకు ఏమియు బోధపడలేదు. అందుకు సంగీతమును నిందింపక, తప్పు తన చెవిదియేయని యెంచి నేర్చుకొన నారంభించెను. ఈ గుణము శిష్యులందరికిని ఉండవలసినది. బొంబాయి రేడియో కేంద్రమున 1937 నుండి 1946 వరకు పాశ్చాత్యసంగీతశాఖను నడపెను. పిమ్మట కెనడాకును అమెరికాకును పోయి, ఉత్తరదేశపు రాగములపై 1968లోను, మన దక్షిణదేశపు రాగములపై 1976లోను పెద్ద గ్రంథములు ప్రకటించెను. 1984లో మరణించెను. వర్తకుడని పేరుగలవాడు మనకొక నాదమిచ్చి, మన రాగములను లోకమునకు లెక్కగట్టి చూపినాడు.

నాలుగవ వాల్టర్ కథ వేరు. 1924లో బెర్లినున ఒక పేదయూదస్త్రీ కడుపున పుట్టినపుడు అతని పేరు వాల్టరును కాదు, కౌఫ్‌మనును కాదు. మూడేండ్లవాడై యుండగా డూయిస్‌బుర్గు నగరమునందలి కౌఫ్‌మన్ అను యూదన్యాయవాదియు ఆయన భార్యయు అతనిని పెంపునకు తెచ్చుకొని, తమ ఇంటిపేరిచ్చిరి. మన దత్తతవంటిదే. 1939లో ఆ తల్లిదండ్రులు పిల్లవానిని, యూదబాలలను రక్షించుటకై నడపిన ప్రయాణపు ఏర్పాటులో చేర్చి, ఇంగ్లండునకు పంపిరి. వారు పోలేకపోయిరి. యుద్ధము రాగా ఇంగ్లండులో జర్మనుడని ఇతనిని నిర్బంధించి, 1940లో డునేరా అను ఓడపై ఆస్ట్రేలియాకు పంపిరి. ఒకచోట యూదుడని తరిమిరి. వేరొకచోట జర్మనుడని బంధించిరి. తోటలలో పండ్లు కోసి, ఓడలలో కూలిచేసి, కడకు రచయిత యయ్యెను. తల్లిదండ్రులను ఔష్విట్జ్ మారణశిబిరమున చంపిరి. మరల జర్మనీకి పోయి, గ్రంథములు వ్రాయుచు, 2021లో తొంబదియేడేండ్ల వయస్సున బెర్లినున కన్నుమూసెను.

పెద్దలారా, ఈ నాలుగవవాని సంగతి నన్ను చాల కలచినది. ఆ దంపతుల పేరు నిలుపుటకు మిగిలినవాడు పెంపుడుకొడుకు. ఆ యింటిపేరు రక్తముచేత వచ్చినది కాదు, వృత్తిచేత వచ్చినదియు కాదు. అన్నముపెట్టి పెంచిన ప్రేమచేత వచ్చినది. తొంబదియేండ్లకు పైబడి దానిని మోసి, పుస్తకములమీద అచ్చువేయించి, అతడు వారి ఋణము తీర్చుకొనెను. ఇంటిపేరునకు నాకు తెలిసిన ఉత్తమార్థము ఇదియే.

ఇంత చెప్పిన నేను నా తప్పొకటి చెప్పకున్నచో ధర్మము కాదు. బడిలో నుండగా క్రొత్తగా చేరిన పిల్లవాని ఇంటిపేరు హాజరుపట్టీలో వ్రాయుచుండగనే, వీని తండ్రి ఇట్టివాడు, వీనికి చదువు ఇంతవరకే వచ్చును, అని మనస్సులో నొక గీత గీచికొనెడివాడను. ఒకనాడు ఒక కుమ్మరి తన కుమారునికి సంస్కృతము చెప్పుమని చేతులు జోడించి యడిగెను. “వీని కది యెందుకు నాయనా! లెక్కలు చాలును” అని పంపివేసితిని. ఆ పిల్లవాడు వేరొక యూర వేరొక గురువునొద్ద చదువుకొనెను. నేను ఉద్యోగము విరమించు సంవత్సరమున అతడే సంస్కృతోపాధ్యాయుడై మా బడికి వచ్చి, మొదటిదినమున నా పాదములకు నమస్కరించెను. పాతమాట ఎత్తలేదు. ఎత్తియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

నా గీతకును ఆ 1938వ సంవత్సరపు ఉత్తరువునకును పోలిక చెప్పుట పెద్దమాట యగునేమో. కాని రెండింటికిని విత్తనమొక్కటే. మనుష్యుని చూడక ముందే పేరు చూచి తీర్పు చెప్పుట. నాయొద్ద పలకయు బలపమును మాత్రమే యుండుటచేత ఒక పిల్లవాని చదువు ఆగబోయినది. సర్కారును సైన్యమును గలవారి చేతిలో ఆ విత్తనము మహావృక్షమైనది.

కావున రచ్చబండ యొద్దకు క్రొత్తవాడు వచ్చినపుడు ఇంటిపేరు అడుగవలదని నేను చెప్పను. అడుగుడు, అది మర్యాద, పూర్వులను తలచుకొనుట. అడిగి ఊరకుండక, “దయచేయుడు, కూర్చుండుడు” అని చోటుచూపి, ఆ మనుష్యుని మాట కూడ వినుడు. పేరు గుమ్మమువంటిది. గుమ్మము చూచి ఇల్లు చూచితిమనుకొనరాదు.

రేపు తెల్లవారుజామున ఆ నాదము వినబడినపుడు, దేశము విడిచి వచ్చి, మన సంగీతము బోధపడకున్నను ఓపికతో నేర్చుకొనిన ఆ కౌఫ్‌మనును ఒకమారు తలచుకొనుడు.